ఫస్ట్ గేర్లో బండి గెంతకుండా కదలాలంటే

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మేనమామ దగ్గర కొన్న పాత పెట్రోల్ కారు, లైసెన్సు చేతికొచ్చి మూడు నెలలు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో ఆగి మళ్లీ కదిలేటప్పుడు ఒకసారి ఇంజన్ ఆగిపోతుంది, ఇంకోసారి బండి కప్పలా గెంతుతుంది. వెనక ఆటోవాళ్ల హారన్లు. పక్క సీట్లో మీవారు "ఇంకా రేజ్ ఇవ్వు, ఇంకా ఇవ్వు" అంటారు. "నిదానంగానే క్లచ్ వదులుతున్నానండీ, అయినా ఎందుకిలా?" అని అడిగారు.

ముందుగా ఒక మాట. ఓ వారం రోజులు మీవారిని వెనక సీట్లో కూర్చోమనండి. నేను తమాషాకి అనడం లేదు. నేర్చుకునే మనిషి చెవి ఇంజన్ చప్పుడు మీద ఉండాలి, పక్కవాళ్ల మాట మీద కాదు.

నాది విజయనగరం. కార్లు నేర్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. అంతకుముందు తొమ్మిదేళ్లు సాలూరు లారీల మీద తిరిగాను, మొదట క్లీనరుగా, తర్వాత డ్రైవరుగా. సాలూరు ఇప్పుడు మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ, లారీ అంటే సాలూరే అనేది మా వైపు ఇంకా మారలేదు. అక్కడ క్లీనరుకి స్టీరింగ్ ఒక పట్టాన ఇచ్చేవారు కాదు. ఇచ్చిన రోజున మా గురువు నాకు నేర్పింది ఒకటే. ఖాళీ లారీని ఫస్ట్ గేర్లో పది అడుగులు కదిపి ఆపడం. మళ్లీ కదపడం. మళ్లీ ఆపడం. పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా అదే పని. "ఒరే గుంటడా, క్లచ్చి ఒగ్గీకు. బండి బరువు నీ కాలికి తెలుస్తాది. తెలిసినకాడ ఆగు. బండి కదిలి నీతో నడిసినాక అప్పుడొగ్గు" అనేవాడు. (ఒగ్గడం అంటే మా వైపు వదలడం.) పది టన్నుల లోడుతో సుంకి ఘాట్ ఎక్కుతూ ఆగి, మళ్లీ కదిలేటప్పుడు క్లచ్ ఫట్టుమని వదిలితే కప్ జాయింటో, వెనక యాక్సిలో విరిగేది. రాయపూర్ వెళ్లాల్సిన సరుకు ఘాట్ రోడ్డులో, స్పేర్ సామాను వచ్చేదాకా మనమూ అక్కడే. అందుకని ఆయన మాట నాకు చెవిలో కాదు, ఎడమ కాలిలో ఉండిపోయింది.

మీ తప్పు మీ మాటలోనే ఉంది. "నిదానంగానే వదులుతున్నాను" అన్నారు. నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఎనిమిదిమంది ఇదే అంటారు, నిజంగానే నిదానంగా వదులుతారు కూడా. కానీ కింద నుంచి పైదాకా ఒకే వేగంతో వదులుతారు. పెడల్ ప్రయాణం మొత్తం కలిపితే జానెడు కూడా ఉండదు. అందులో కింది భాగంలో ఏమీ జరగదు. పై భాగంలోనూ ఏమీ జరగదు. అసలు పనంతా మధ్యలో రెండు వేళ్ల మందంలో జరుగుతుంది. ఏ పనీ లేనిచోట నిదానంగా వచ్చి, పనున్న చోట కూడా అదే నిదానంతో దాటేస్తే ఆ రెండు వేళ్ల మందానికి మీరిచ్చింది అర సెకను. అక్కడ కాలు నిదానించడం చాలదు, ఆగాలి.

ఎందుకు ఆగాలో తెలిస్తే కాలు మాట వింటుంది. కాబట్టి కాస్త లోపలికి వెళ్దాం.

ఇంజన్ వెనక ఫ్లైవీల్ అని బరువైన ఇనప చక్రం ఉంటుంది, ఇంజన్‌తోపాటే తిరుగుతుంది. బండి నిలబడి ఉన్నా అది నిమిషానికి 800, 900 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. దాని పక్కన క్లచ్ ప్లేటు. ఆ ప్లేటు గేర్‌బాక్సుకి, గేర్‌బాక్సు చక్రాలకి చెందిన మనిషి అనుకోండి. చక్రాలు నిలబడి ఉన్నాయి, ఫస్ట్ గేర్ పడి ఉంది, కాబట్టి ప్లేటూ నిలబడే ఉంది. మీరు పెడల్ వదలగానే ప్రెషర్ ప్లేటు వెనకనుంచి స్ప్రింగు బలంతో ఆ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదుముతుంది. ఒకటి 800 చుట్లు తిరుగుతోంది, రెండోది నిలబడి ఉంది. రెండింటినీ ఒక్కసారిగా అతికించేస్తే రెండే జరుగుతాయి. ఇంజన్ బలం చాలకపోతే అది ఆగిపోతుంది. బలం చాలితే బండి ఎగురుతుంది. మీకు రోజూ జరుగుతున్న రెండు రకాల అవమానాలూ ఒకే తప్పు పిల్లలు.

కదులుతున్న ఆర్టీసీ బస్సు ఎక్కే కాలేజీ కుర్రాడిని చూసే ఉంటారు. (ఎక్కమని చెప్పడం లేదు, చూశారా అంటున్నాను.) వాడు నిలబడ్డ చోటు నుంచి కడ్డీ పట్టుకుంటే భుజం ఊడిపోతుంది. ముందు బస్సు పక్కన పరిగెడతాడు. తన పరుగూ బస్సు వేగమూ కలిశాక కడ్డీ పట్టుకుని బరువు వేస్తాడు. మీ క్లచ్ ప్లేటు ఆ కుర్రాడు. ఫ్లైవీల్ బస్సు. మీరు కాలు ఆపి ఉంచే ఆ సెకనూ సెకనున్నరా వాడి పరుగు. వాడు పరుగెత్తేలోపే "ఎక్కరా" అని తోసేస్తున్నారు మీరు.

ఎంతసేపు పరుగెత్తాలి? ఇక్కడ చిన్న లెక్క ఉంది, నాకు ఇష్టమైన లెక్క. చిన్న కార్లలో ఫస్ట్ గేరూ, దాని తర్వాత వచ్చే డిఫరెన్షియలూ (చక్రాలకి బలం అందించే చివరి గేర్ల జత) కలిసి ఇంజన్ చుట్లను దాదాపు 14, 15 రెట్లు తగ్గిస్తాయి. ఇంజన్ 850 తిరిగితే చక్రం 58 దాకా తిరుగుతుంది. చిన్న కారు చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 1.7 మీటర్లు. అంటే నిమిషానికి వంద మీటర్లు, గంటకి 6 కిలోమీటర్లు. మనిషి కాస్త గబగబా నడిచే నడక. బండి ఆ నడక అందుకుందంటే ప్లేటూ ఫ్లైవీలూ ఒకే వేగంలో ఉన్నట్టు. ఆ తర్వాత మీరు క్లచ్ ఎంత గబుక్కున వదిలినా ఏమీ కాదు. మా గురువు "నీతో నడిసినాక ఒగ్గు" అన్నది ఈ 6 కిలోమీటర్లే. ఆయనకి లెక్క రాదు, కాలికి వచ్చు.

ఇప్పుడు మీవారి "రేజ్ ఇవ్వు" సంగతి. నేర్పేవాళ్లలో చాలామంది తక్కెడ పాఠం చెబుతారు. ఎడమ కాలు ఎంత లేస్తే కుడి కాలు అంత దిగాలి అని. వినడానికి బాగుంటుంది, కొత్తవాళ్లకి మాత్రం అది పనికిరాదనే నా అభిప్రాయం. రెండు కాళ్లూ ఒకేసారి కదులుతుంటే ఏ కాలు తప్పు చేసిందో మీకు తెలియదు. నా పద్ధతిలో కుడి కాలు ముందే తన పని ముగించుకుని కూర్చుంటుంది. క్లచ్ పూర్తిగా కిందే ఉండగా యాక్సిలరేటర్ మీద పాదం కొద్దిగా వాల్చండి. నొక్కడం కాదు, బూటు బరువు వేయడం. ఆర్‌పీఎం మీటరు (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) ఉంటే 1200 నుంచి 1500 మధ్య. లేకపోతే చెవి. ఐడ్లింగ్‌లో, అంటే రేజ్ ఇవ్వకుండా ఊరికే తిరుగుతూ, గురక పెడుతున్న ఇంజన్ లేచి మాట్లాడడం మొదలుపెట్టినట్టు ఉండాలి, అరవకూడదు. ఆ చప్పుడు అలా నిలబెట్టి, ఇక కుడి కాలిని మర్చిపోయి ఎడమ కాలి పని చూసుకోండి. క్లచ్ పట్టుకోగానే చప్పుడు కొద్దిగా తగ్గుతుంది. అది చూసి కంగారుపడి కుడి కాలు అదిమేయడమే గెంతులకి మూలం.

గెంతడం మొదలైతే ఒకటి రెండు గెంతులతో ఆగదు, చూశారా? దానికీ కారణం ఉంది. ఇంజన్ చట్రానికి నేరుగా బిగించి ఉండదు, రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. బలం ఒక్కసారిగా పడితే ఇంజన్ ఆ రబ్బర్ల మీద ఒకవైపు ఒరిగి, మళ్లీ వెనక్కి వస్తుంది. బండి ముందుకి, వెనక్కి. బండితోపాటు మీరు ఊగుతారు, మీతోపాటు యాక్సిలరేటర్ మీద పాదం ఊగుతుంది, పాదం ఊగితే ఇంజన్‌కి మళ్లీ పెట్రోల్ కుదుపు. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. మా ఊళ్లో పైడితల్లమ్మ జాతరలో సిరిమాను కదిలేటప్పుడు చూస్తే కింద బండి బెత్తెడు కుదిపినా, పైన మాను చివర కుర్చీలో కూర్చున్న పూజారి ఎంత ఊగుతారో చూసి జనం గుండె పట్టుకుంటారు. అలా గెంతు మొదలైనప్పుడు మందు ఒకటే: క్లచ్ మళ్లీ కిందికి నొక్కేయండి. బ్రేకు కాదు, రేజ్ కాదు. క్లచ్ నొక్కగానే ఊపు తెగిపోతుంది. మళ్లీ మొదట్నుంచి. కుడి మడమ ఎప్పుడూ నేల మీద ఆని ఉంటే పాదం ఊగడం సగం తగ్గుతుంది.

సాధన ఎలా చేయాలో చెబుతాను. ఆదివారం పొద్దున్నే ఆరింటికి మీ 80 అడుగుల రోడ్డు ఖాళీగా ఉండే చోటో, ఏదైనా చదునైన మైదానమో చూసుకోండి. ఏసీ ఆపేయండి. చిన్న పెట్రోల్ ఇంజన్‌కి ఏసీ కంప్రెసర్ బరువే, నేర్చుకునేటప్పుడు ఆ బరువు ఎందుకు? సీటు ముందుకి జరుపుకోండి. క్లచ్ పూర్తిగా నేలకి నొక్కినప్పుడు కూడా ఎడమ మోకాలు కొంచెం వంగే ఉండాలి. పొట్టిగా ఉన్నవాళ్లు బొటనవేలి కొసతో క్లచ్ నొక్కుతుంటారు, అలాగైతే రెండు వేళ్ల మందంలో కాలు ఆపడం ఎవరి తరమూ కాదు. కాలి కింద మందపాటి కొబ్బరి పీచు పట్టా ఉంటే తీసి డిక్కీలో పడేయండి. అది అడ్డుపడి క్లచ్ పూర్తిగా నొక్కుకోదు, గేర్ పడేటప్పుడు కర్రుమంటుంది. హవాయి చెప్పులు వద్దేవద్దు, పెడల్ కిందికి దూరతాయి. మొదటి రోజు ఒట్టికాళ్లతో నేర్చుకున్నా నేను ఏమీ అనను.

మొదటి పాఠంలో యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. ఫస్ట్ గేర్ వేసి, హ్యాండ్ బ్రేకు తీసి, క్లచ్‌ని కాలితో పైకి తెస్తూ వినండి. ఒకచోట ఇంజన్ గొంతు తగ్గుతుంది, స్టీరింగులో సన్నగా వణుకు తెలుస్తుంది. అక్కడ ఆపండి. మనసులో "ఒకటి, రెండు" అనుకోండి. బండి తనంతట తనే చీమలా పాకడం మొదలెడుతుంది. నడక వేగం అందుకున్నాక కాలు తీసేయండి. ఆపండి. మళ్లీ. ఇంజన్ ఆగిపోతే ఆగిపోనివ్వండి, ఆ మైదానంలో మిమ్మల్ని చూసేది కుక్కలే. పదిహేనుసార్లు చేశాక ఐదు నిమిషాలు ఇంజన్ ఆపి టీ తాగి రండి, ప్లేటు చల్లబడాలి. ఇలా రెండు ఉదయాలు చేస్తే మీ బండి క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో మీ మడమకి గుర్తుండిపోతుంది. డీజిల్ బండి అయితే ఈ పాఠం నల్లేరు మీద నడక, తక్కువ చుట్లలోనే దానికి బలం ఎక్కువ. పెట్రోల్‌తో నేర్చుకుంటే కాలికి అబద్ధం ఆడే అవకాశం ఉండదు, అది మీ అదృష్టమనుకోండి. అలా పాకించడం వచ్చాక పైన చెప్పినట్టు ముందే 1200 పెట్టి కదపడం. అప్పటికి అది పెద్ద పని అనిపించదు.

"కాలు అక్కడ ఆపితే హాఫ్ క్లచ్ కదా, ప్లేటు కాలిపోదా?" అని మీరు అడిగేలోపే చెబుతాను. ఆ భయంతోనే చాలామంది గబుక్కున వదిలేస్తారు. తక్కువ చుట్ల మీద రెండు సెకన్ల జారుడు క్లచ్‌కి రోజూ తినే అన్నం, అది చేయబడిందే అందుకు. కాల్చేవి వేరే. ఇంజన్ 3000 దాకా అరిపించి క్లచ్ సగంలో పట్టుకోవడం ఒకటి. ఎత్తు మీద బ్రేకు బదులు క్లచ్‌తో బండిని నిలబెట్టడం రెండు. బండి నడుస్తుండగా ఎడమ పాదం పెడల్ మీద ఊరికే ఆనించి ఉంచడం మూడు, ఇది లారీ డ్రైవర్లమైన మాకూ ఉన్న జబ్బే. రథసప్తమి నాడు అరసవల్లి రోడ్డు మీద, బండికి బండికి మధ్య చెయ్యి దూరని రద్దీలో అంగుళం అంగుళం హాఫ్ క్లచ్‌తో పాకిస్తారు చూడండి, అది నాలుగోది. ముందు బండి రెండు కార్ల దూరం వెళ్లేదాకా న్యూట్రల్‌లో ఆగి, అప్పుడు ఒక్కసారి కదలండి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. కాలిన ప్లేటు వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోరు, కాలిన గోళ్ల వాసనలా ఉంటుంది. వస్తే పక్కకి ఆపి అరగంట వదిలేయండి.

ఎత్తు మీద కదలడం వేరే విద్య, దానికి హ్యాండ్ బ్రేకే దిక్కు. నాగావళి వంతెన ఎక్కే చోట ట్రాఫిక్ ఆగిందనుకోండి, లేదా సింహాచలం ఘాట్ రోడ్డులో కొండ మీద పార్కింగ్ నిండి బళ్లు వరసగా నిలబడ్డాయనుకోండి. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగండి. ఫస్ట్ గేర్. చదును మీద కన్నా కాస్త ఎక్కువ రేజ్, 1800 దాకా. క్లచ్ తెస్తే బానెట్ కాస్త పైకి లేచినట్టు కనిపిస్తుంది, ఇంజన్ గొంతు బరువెక్కుతుంది. అంటే చక్రాలు ముందుకు లాగుతున్నాయి, హ్యాండ్ బ్రేకు వెనక్కి పట్టుకుంది. కాలు అక్కడే ఆపి, బొటనవేలితో గుండీ నొక్కి హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించండి. బండి కదిలాక, మళ్లీ అదే నడక వేగం, అప్పుడే క్లచ్. వెనక్కి జారకుండా ఎత్తు మీద కదలడం లైసెన్సు పరీక్షలోనూ ఉన్న అంశమే, మీకు ఎంత బాగా చూశారో నాకు తెలియదు గానీ. హిల్ హోల్డ్ ఉన్న కొత్త బళ్లు బ్రేకు వదిలాక ఓ రెండు సెకన్లు తామే పట్టుకుంటాయి. మీ పాత బండికి ఆ వైభోగం ఉండకపోవచ్చు.

ఘాట్ రోడ్డులో ముందు బండికి మాత్రం ఒక బండి పొడవు దూరంలో ఆగండి. వెనక్కి జారేది మీరొక్కరే కాదు.

ఇవన్నీ చేసినా రెండు వారాల తర్వాత కూడా బండి కదిలేటప్పుడు గడగడ వణికితే, అప్పుడు తప్పు మీ కాలిది కాకపోవచ్చు. కదిలేటప్పుడు మాత్రమే వణికి, కదిలాక మామూలుగా ఉంటే క్లచ్ ప్లేటు మీద ఆయిల్ పడిందేమో, ఇంజన్ మౌంటింగులు మెత్తబడ్డాయేమో మెకానిక్‌ని చూడమనండి. పాత బళ్లలో మౌంటింగులే ఎక్కువ దొరుకుతాయి, ఖర్చూ తక్కువ. నేనొకసారి ఒక షెడ్డులో వణుకుతున్న కారుకి క్లచ్ సెట్ మొత్తం మార్పించాను. డబ్బు పోయింది, వణుకు పోలేదు. చివరికి చూస్తే ఎడమ పక్క మౌంటింగ్ రబ్బరు రెండు ముక్కలై ఉంది. అందుకే ముందు బానెట్ ఎత్తించి, ఇంజన్ ఎంత ఊగుతోందో చూసి, తర్వాతే గేర్‌బాక్సు దించే మాట ఎత్తండి.

నాలుగో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే చాలావరకు ప్లేటు అరిగిపోయినట్టే, అరిగితే మార్చడం తప్ప దారి లేదు. ఇక వానాకాలంలో నాలుగు రోజులు కదపకుండా ఉంచిన బండి మొదటిసారి కదిలేటప్పుడు కాస్త వణికితే పట్టించుకోకండి. చెమ్మకి ఫ్లైవీల్ ముఖం మీద పల్చగా తుప్పు పడుతుంది, రెండు మూడుసార్లు కదిపితే అరిగిపోతుంది. కళింగపట్నం, భీమిలి వైపు సముద్రపు గాలి తినే బళ్లలో ఇది నేను తరచూ చూస్తాను.

ఒక పని చేసి మళ్లీ రాయండి. రేపు పొద్దున్న ఇంజన్ ఆపి ఉంచి బానెట్ ఎత్తి, మీ బండి క్లచ్ కేబుల్‌తో పనిచేసేదా, ఆయిల్‌తో పనిచేసేదా ఎవరినైనా చూడమనండి. తర్వాత మైదానంలో, క్లచ్ నేల నుంచి ఎంత పైకి వచ్చాక పట్టుకుంటోందో అంచనా వేయండి. సగం కన్నా కిందా, పైనా, లేక పూర్తిగా వదిలేసే ముందు మాత్రమేనా అన్నది చాలు. కేబుల్ బండి అయి, చిట్టచివర్లో పట్టుకుంటుంటే మీ మేనమామగారు ప్లేటు అరగదీసి ఇచ్చి ఉండొచ్చు, లేదా కేబుల్ సర్దుబాటు చేయించక చాలాకాలమై ఉండొచ్చు. కేబుల్ సర్దుబాటే అయితే మెకానిక్‌కి పది నిమిషాల పని. అది తేలేదాకా ఏడు రోడ్ల వైపు పోకండి, ఇంటి సందులోనే ముందుకీ వెనక్కీ పాకించుకోండి. రివర్స్ గేరూ ఫస్ట్ గేరులాంటిదే, కాలికి పాఠం అదే.